సుత్తీ, చింత మొద్దూ, ఇసుక సంచీ: కారు బాడీ రేకుని చేత్తో మలచడం

(బరంపురంలో పాత బళ్ళు ఇష్టపడేవాళ్ళూ, గ్యారేజీ పనోళ్ళూ కలిసిన చోట ఒక టింకర్ గురువుగారు మాట్లాడిన మాటలివి. ఆరోజు రాలేకపోయినోళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన చెప్పినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డోళ్ళు కాస్త ముందుకి రండి బాబూ, ఈరోజు చూపించేవన్నీ చిన్న చిన్న సామాన్లు, అక్కణ్ణించి మీకేం కనబడవు. ఒడియా భాయిలు కూడా వచ్చారు, సంతోషం, నేను తెలుగులో చెప్పుకుంటూ పోతాను, ఎక్కడైనా అర్థం కాకపోతే ఆపండి, ఒడియాలో మళ్ళీ చెప్తాను. బరంపురంలో పుట్టి పెరిగినోడికి అదేం కష్టం కాదు కదా.

నన్ను ఏటి చెప్పమన్నారంటే, పెద్ద మిషన్లు లేకుండా, చేతిలో డబ్బు పెద్దగా లేకుండా, కారు బాడీ ముక్కని చేత్తో ఎలా తయారు చెయ్యాలి అని. మీరంతా ఫోన్లో వీడియోలు చూస్తారు, నాకు తెలుసు, నేనూ చూస్తాను. అందులో ఒకాయన ఇంగ్లీష్ వీల్, అంటే రెండు ఇనప చక్రాల మధ్య రేకుని నొక్కే మిషను, దాని మధ్యలో రేకు పెట్టి అటూ ఇటూ తోస్తే చాలు అద్దంలాంటి ఫెండర్, అదే చక్రం పైన కప్పే బాడీ ముక్క, వచ్చేస్తది. అది చూసి మన కుర్రోళ్ళు ఏమనుకుంటారు? ఆ వీల్ ఉంటే నేనూ చేసేద్దును, అది లేదు కాబట్టి నా వల్ల కాదు. నేనొకటి అడుగుతాను చెప్పండి. ఆ వీల్ తెచ్చి నీ షెడ్డులో పెడితే రేపు పొద్దున్న ఫెండర్ చేస్తావా? చెయ్యలేవు. ఎందుకంటే రేకు ఎక్కడ ఎక్కువుంది, ఎక్కడ చాలలేదు అన్నది ఆ వీలు చెప్పదు. అది నువ్వు చూడాలి. ఇవ్వాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది, రేకు ఎక్కడ ఎక్కువుంది, ఎక్కడ చాలలేదు. ఇది తెలిసినోడికి సుత్తి చాలు.

అసలెందుకీ గోల, స్పేర్ పార్టు కొని బిగిస్తే పోద్ది కదా అని అనుకునేవాళ్ళు ఉంటారు. కొత్త బండైతే కొనండి, నేనే కొనమంటాను, ఫ్యాక్టరీ ప్రెస్సులో ఒక్క దెబ్బకి వచ్చిన దాన్ని చేత్తో చేసి నెగ్గలేం. కానీ ఇదిగో ఈ అంబాసిడర్ సంగతేంటి? ఉత్తరపారాలో దీని తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకన్నా ముందే పోయింది. స్క్రాప్ షాపులో అంబాసిడర్ ఫెండర్ దొరుకుద్ది, ఎవరు కాదన్నారు, దాన్ని ఇంటికి తెచ్చి రంగు గోకితే లోపల రేకు తక్కువ లప్పం ఎక్కువ. ఇంక మన ఊరి సంగతి చెప్పాలా? గోపాల్పూర్ నుంచి ఉప్పు గాలి, వానాకాలం వస్తే బురద, ఫెండర్ కింద అంచులో బురద పేరుకుపోయి అక్కడే తడి నిలబడి కింద నుంచి తినుకుంటూ వస్తది. 2013 అక్టోబర్లో ఫైలిన్ తుఫాను మన గోపాల్పూర్ దగ్గరే తీరం దాటిందా, అప్పుడు చెట్లు పడి టాపులు అణిగిపోయిన బళ్ళు ఎన్నో ఈ ఊళ్ళో మీ అందరికీ గుర్తుండే ఉంటది. అణిగిపోయిన టాపు కూడా ఇదే లెక్క, ఎక్కడో సాగింది, ఎక్కడో నొక్కుకుపోయింది, దాన్ని చదవాలి.

సరే, మొదలెడదాం. రేకుతో మనం చెయ్యగలిగే పనులు మూడే. వంచడం, సాగదియ్యడం, కుదించడం. ఇంకేవీ లేవు. ఎంత గొప్ప కారైనా, ఎంత వంపులు తిరిగిన బాడీ అయినా, ఈ మూడే.

వంచడం అందరికీ వచ్చు. ఐటీఐలో షీట్ మెటల్ ట్రేడ్ చేసినోళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, చేతులెత్తండి. బాగుంది. మీకు డెవలప్‌మెంట్ గియ్యడం నేర్పుతారు, సిలిండరు, కోను, డక్టు ముక్క, పేపర్ మీద గీసి కత్తిరించి వంచితే వచ్చేస్తది. కానీ కారు మీద అలాంటివెన్ని? డోర్ కింద ఫ్లాటు, ఫ్లోరు, అంతే. మిగతాదంతా రెండు వైపులా వంపు తిరిగి ఉంటది, పొడుగునా వంపే, అడ్డంగానూ వంపే. అది వంచితే రాదు.

నమ్మకపోతే ఇదిగో చూడండి, ఇది మామూలు ఖాకీ కాయితం, పుస్తకాలకి అట్టలేసుకునేది. దీన్ని ఈ పైపు చుట్టూ చుడతాను. చక్కగా అంటుకుంది, ఎక్కడా ముడత లేదు. ఇప్పుడు ఇదే కాయితం అంబాసిడర్ హెడ్‌లైట్ పైన ఈ గుండ్రటి భాగం మీద పరుస్తాను. ఓ అయస్కాంతం ఇక్కడ మధ్యలో, ఇంకోటి ఇక్కడ. చూశారా? మధ్యలో అంటుకుంది కానీ అంచుల చుట్టూ ముడతలే ముడతలు. ఆ ముడతలు ఏం చెప్తున్నాయి? ఇక్కడ కాయితం ఎక్కువైపోయింది అని చెప్తున్నాయి. అంటే రేకు కూడా ఇక్కడ ఎక్కువైపోద్ది, దాన్ని కుదించాలి. ఇప్పుడు ఇటు రండి, ఫెండరు డోరు వైపుకి తిరిగే చోట లోపలికి వంపు ఉంది కదా, ఇక్కడ కాయితం అంచు బిగుసుకుపోయి లోపలికి కూర్చోట్లేదు. కత్తెరతో చిన్న గాట్లు పెడతాను, చూడండి, గాటు నోరు తెరుచుకుంది. ఎంత తెరుచుకుందో అంత రేకు చాలలేదు అక్కడ. అక్కడ సాగదియ్యాలి. ఆ తమ్ముడు వీడియో తీస్తున్నాడు, ఈ గాటు మీద ఫోకస్ పెట్టు నాన్నా, ఇది అందరూ చూడాలి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని కాయితం మీదే రాసుకోండి. ముడతలున్న చోట "కుదించు", గాటు తెరుచుకున్న చోట "సాగదియ్యి". అయిపోయింది, మీ మ్యాపు మీ చేతిలో ఉంది. ఇంకో మంచి సంగతి ఏటంటే, కుడి ఫెండరు బాగుండి ఎడమది పోయిందనుకోండి, కుడి దాని మీద కాయితం తీసి తిరగేస్తే అదే ఎడమది. ఇది చెప్తే చాలామంది నవ్వుతారు, అంతేనా అంటారు, అంతే, కానీ తిరగెయ్యకుండా రేకు కోసేసినోళ్ళు కూడా ఉన్నారు ఈ ఊళ్ళో, పేర్లొద్దు.

కాయితం సైజు చెప్తది, వంపు ఎంతుందో చెప్పదు. వంపుకి అట్టముక్క కావాలి. ఫ్రిజ్జు అట్టపెట్టె చాలు. మంచి ఫెండరు మీద నాలుగైదు చోట్ల గీతలు గీసి, ఒక్కో గీత దగ్గర ఆ వంపుకి సరిగ్గా కూర్చునేట్టు అట్ట కత్తిరించుకోండి, ఏ అట్ట ఏ గీతదో దాని మీదే రాయండి. పని చేస్తుండగా రేకు మీద ఆ అట్ట పెడితే కింద నుంచి వెలుతురు ఎక్కడ కనబడుతుందో అక్కడ తేడా ఉన్నట్టు. ఇంకా ఓపికున్నోళ్ళు 6 ఎంఎం రాడ్డుతో వైర్ ఫ్రేము వెల్డింగ్ చేసుకుంటారు, ప్లైవుడ్ తో అడ్డంగా పలకలు నిలబెట్టి బక్ కట్టుకుంటారు, బక్ అంటే రేకు పెట్టి ఆకారం సరిచూసుకునే చట్రం. అసలు బండి లేకుండా మీ సొంత డిజైన్ చేసేటప్పుడు బక్ తప్పదు. రిపేరు ముక్కకైతే అట్టలు చాలు, అనవసరంగా వారం రోజులు వడ్రంగం చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు సామాన్లు. ఇక్కడే అందరికీ ఆసక్తి, నాకు తెలుసు.

మొదటిది ఇదిగో, చింత మొద్దు. మాంసం కొట్టు దగ్గర చూస్తారు కదా, అదే. చింత కర్ర గట్టిది, బేగి పగలదు, అందుకే వాళ్ళు వాడతారు, అందుకే మనమూ వాడతాం. పైన ఉలితో రెండు గుంటలు తవ్వాను, ఒకటి లోతుగా చెయ్యి దూరేంత, ఇంకోటి వెడల్పుగా లోతు లేకుండా. రేకుని గుంట మీద పెట్టి కొడితే గుంటలోకి దిగుద్ది. మొద్దు ఎత్తు నిలబడితే మీ నడుం దగ్గరికి రావాలి, కింద కూర్చుని వంగి కొట్టారనుకోండి, ఫెండరు అయ్యేలోపు నడుం అయిపోద్ది.

రెండోది ఇసుక సంచి. మందం కాన్వాస్ తో రెండు పొరలు పెట్టి చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించాను, తోలుతో అయితే ఇంకా మంచిది. లోపల ఏ ఇసుక? ఇక్కడ సముద్రం దగ్గరుంది కదా అని బీచ్ ఇసుక తేవద్దు, ఉప్పు ఉంటది, రేకు మీద ఊరికే తుప్పు మరకలొస్తాయి. రుషికుల్య ఏటి ఇసుక సన్నగా జల్లించి, ఎండలో బాగా ఆరబెట్టి నింపండి. పూర్తిగా బిగించి నింపొద్దు, ముప్పాతిక వంతు చాలు, దెబ్బ పడితే పక్కకి జరగడానికి దానికి చోటుండాలి.

మూడోది కొయ్య సుత్తులు. తుమ్మ కర్రతో వడ్రంగి చేత చేయించుకున్నవి. ఒకటి గుండ్రటి మొహం, ఒకటి ఫ్లాటు మొహం. ఇనప సుత్తితో కొడితే ఆ దెబ్బ పడ్డ చోటే రేకు నలిగి పల్చబడి సాగుద్ది, కొయ్య సుత్తి అయితే రేకుని ఎక్కువ సాగనివ్వకుండా జరుపుద్ది. షేప్ తేవడం అంతా కొయ్యతో, నునుపు చెయ్యడం ఇనపతో, గుర్తుపెట్టుకోండి.

నాలుగోది డాలీ, అంటే రేకు వెనకాల పెట్టే ఇనప దిమ్మ. కొనాలంటే సెట్లు దొరుకుతాయి, కానీ ఈ గుండు చూడండి. షాట్‌పుట్. మగాళ్ళ పోటీల్లో విసిరేది, 7.26 కేజీలుంటది. దీన్ని మందం పైపు మీద వెల్డింగ్ చేసి నిలబెట్టాను, దీని మీద పెట్టి కొట్టుకుంటే గుండ్రటి ముక్కలన్నీ అయిపోతాయి. పక్కనున్నది లారీ యాక్సిల్ చివరి ముక్క, మొహం గ్రైండ్ చేసి నునుపు చేసింది. కొంతమంది రైలు పట్టా ముక్క వాడతారు, బ్రహ్మాండంగా పనిచేస్తది, కానీ వేలంలో కొన్న బిల్లు చేతిలో ఉంచుకోండి. రైల్వే ఆస్తి లెక్క చెప్పకుండా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం ఒకటుంది, సరదాగా ఉండదు.

ఐదోది స్లాపర్. ఇది లారీ కమాన్ పట్టీ ముక్క, కమ్మరి దగ్గర కాల్చి వంచి పిడి తీయించాను. వెడల్పుగా పడుద్ది కాబట్టి సుత్తిలాగా ఒక్క చోట గుంట పెట్టదు. చివరలో నునుపు పని సగం దీనిదే. ఇంక రేకు కత్తెర, ఆకురాయి, గ్రైండరు, ఇవి మీ దగ్గర ఎలాగూ ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఖర్చు లేని పని, అందుకే ఎవరూ చెయ్యరు. సుత్తి మొహం. ఇది నా సుత్తి, ట్యూబ్‌లైట్ కింద పెడితే లైట్ కనబడుతుందా అందులో? ఇది బజార్లో కొన్న కొత్త సుత్తి, దీని మొహం మీద గీతలు చూడండి, అంచు పదునుగా ఉంది చూడండి. ఈ గీతలన్నీ ప్రతి దెబ్బకీ మీ రేకు మీద అచ్చు పడతాయి, పదును అంచు తగిలితే అర్ధచంద్రాకారంలో కోతలు పడతాయి, అవి తియ్యడం మహా కష్టం. కొన్న రోజునే అంచులు గుండ్రంగా చేసి, ఎమరీ పేపర్ 80 తో మొదలెట్టి 400 దాకా రుద్దండి. దాంతో మేకులు కొట్టొద్దు. మీ ఇంట్లో వాళ్ళని కూడా కొట్టనివ్వొద్దు.

రేకు గురించి రెండు మాటలు. షాపుకెళ్ళి ఊరికే రేకివ్వండి అనకండి, సీఆర్ షీటు అని అడగండి, చల్లగా రోలింగ్ చేసింది, పైన నునుపుగా ఉంటది. జీఐ రేకు వద్దు, దాని మీద జింకు పూత ఉంటది, వెల్డింగ్ పెడితే తెల్ల పొగ, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటది. పాలు తాగితే పోద్ది అంటారు, పోదు, ఊరికే ఆ పొగలో ఉండొద్దు అంతే. సీఆర్ లో డీ, డీడీ, ఈడీడీ అని గ్రేడులుంటాయి, లోతుగా సాగడానికి చేసినవి, దొరికితే ఈడీడీ తీసుకోండి, ఖర్చు కాస్త ఎక్కువైనా చేతికి తేడా తెలుస్తది. మందం 20 గేజ్, అంటే సుమారు 0.9 ఎంఎం. ఇప్పటి కార్ల బయట రేకులు అంతకన్నా పల్చన, 0.7, 0.8 ఉంటాయి, కానీ చేత్తో చేసేటప్పుడు మనం సాగదీస్తాం, తర్వాత ఆకురాయి పెడతాం, అంతా పోగా మిగలాలి కదా. 8 అడుగులు 4 అడుగుల 20 గేజ్ షీటు 21 కేజీల దాకా తూగుద్ది, తూకం వేసి అమ్మేవాడి దగ్గర ఈ లెక్క తెలిసుంటే మోసం ఉండదు. నేర్చుకోవడానికి మాత్రం షీటు కొనకండి. పాత స్టీలు బీరువా తలుపు తీసుకుని రంగు గోకండి, అది సీఆర్ రేకే, ఎంత పాడుచేసినా ఏడుపు రాదు.

ఇప్పుడు అసలు పని. సాగదియ్యడం ముందు చెప్తాను, ఎందుకంటే అది తేలిక. రేకుని సంచి మీదో మొద్దు గుంటలోనో పెట్టి గుండ్రటి కొయ్య సుత్తితో కొడతాం. ఒకటే చోట దబదబా కొట్టడం కాదు. దెబ్బ మీద దెబ్బ కాదు, దెబ్బ పక్కన దెబ్బ, ప్రతి దెబ్బా ముందు దెబ్బని సగం తాకాలి. మొత్తం ఓ చుట్టు తిరిగాక ఆగి, అట్ట పెట్టి చూసి, మళ్ళీ. మన పక్క కంచు పళ్ళేలు చేసే కంసారులు పని చేస్తుంటే వెళ్ళి ఓ గంట కూర్చుని చూడండి, సుత్తి ఎలా నడుస్తుందో తెలుస్తది. వాళ్ళు కంచుని ఎర్రగా కాల్చి కొడతారు, చల్లగా కొడితే పగిలిపోద్ది కాబట్టి. మన ఉక్కు రేకు చల్లగానే మలచుకోవచ్చు, అదొక్కటే తేడా, చేతి లయ మాత్రం ఒకటే.

కొట్టగా కొట్టగా రేకు గట్టిపడుద్ది. సుత్తి ఎగిరి వస్తది, చప్పుడు మారుద్ది, మొదట్లో ధడ్ ధడ్ అన్నది కణ్ కణ్ అంటది. అప్పుడు ఇంకా గట్టిగా కొట్టడం కాదు, ఆగి గ్యాసు మంటతో ఆ భాగం ఎర్రబడేదాకా కాల్చి దానంతట అది చల్లారనివ్వాలి, మళ్ళీ మెత్తబడుద్ది. అల్యూమినియం అయితే జాగ్రత్త, అది ఎర్రబడదు, 660 డిగ్రీల దగ్గర రంగు మారకుండానే చటుక్కున కరిగి కింద పడిపోద్ది. దానికి బట్టల సబ్బు రాసి వేడి చేస్తారు, సబ్బు గీత నల్లబడగానే మంట తీసెయ్యాలి. లేదా అసిటిలిన్ మంటతో ముందు మసి పట్టించి, మామూలు మంటతో ఆ మసి ఎగిరిపోయేదాకా వేడి చేస్తారు. రెండూ పనిచేస్తాయి, నాకు సబ్బే అలవాటు.

ఇప్పుడు కుదించడం. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఎందుకంటే పనోడు ఎవడో ఇక్కడే తెలుస్తది. ఒక గిన్నె ఆకారం కావాలనుకోండి. మధ్యలో కొట్టి కొట్టి సాగదీసి గిన్నె చెయ్యొచ్చు, మధ్యలో పల్చబడుద్ది. లేదా మధ్య జోలికి పోకుండా అంచుల్ని కుదించినా గిన్నె వస్తది, అంచు మందం అవుద్ది. ఆకారం ఒకటే, దారులు రెండు. నేర్చుకునేవాళ్ళందరూ మొదటి దారిలోనే పోతారు, ఎందుకంటే కొడితే సాగుద్ది, అది ఎవరైనా చెయ్యగలరు. అలా చేసిన ఫెండరు మధ్యలో డబ్బా రేకంత పల్చగా అయిపోయి, వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోయి టక్కుమని బయటికొస్తది. నన్నడిగితే నేర్చుకునేటప్పుడు ముందు కుదించడమే నేర్చుకోండి. అది చేతికొస్తే సాగదియ్యడం దానంతట అదే వస్తది, అటు నుంచి ఇటు రాదు.

ఎలా కుదించాలి? ఆడపిల్లల లంగాకి నడుం దగ్గర కుచ్చిళ్ళు పెడతారు చూడండి, గుడ్డ అంతే ఉంటది, చుట్టుకొలత తగ్గుద్ది. అలాగ రేకు అంచున కుచ్చి పెట్టాలి. దీనికి ఫోర్కు అంటాం, పాత స్క్రూ డ్రైవర్లు రెండు పక్కపక్కనే, మధ్యలో రేకు దూరేంత సందు వదిలి వెల్డింగ్ చేశాను, అంతే. అంచులో దూర్చి, మణికట్టు ఇటు తిప్పి, మళ్ళీ అటు. చూశారా, చిన్న గుడిసె కప్పు ఆకారంలో మడత లేచింది, అంచు దగ్గర ఎత్తుగా, లోపలికి పోయేకొద్దీ సన్నబడుతూ. ఇప్పుడు దాన్ని షాట్‌పుట్ మీద పెట్టి కొయ్య సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, బేగి బేగి. ఇక్కడే కిటుకంతా ఉంది. పైనుంచి ఒక్కటే గట్టి దెబ్బ కొట్టారనుకోండి, మడత పక్కలకి విచ్చుకుని రేకు మళ్ళీ మామూలు అయిపోద్ది, మీరు చేసింది సున్నా. అలాగని మడత మరీ ఎత్తుగా లేపితే ఒక పక్కకి ఒరిగి తన మీద తనే పడుకుంటది, ఆ మడత నలిగిన చోట పగులు వస్తది, అదింక అతుకే. మడత అణిగేటప్పుడు పక్కకి పోవడానికి దారి లేకుండా చెయ్యాలి, అప్పుడు ఆ రేకు తనలోకి తనే ఒత్తుకుని మందం అవుద్ది. ఇదిగో, అయింది. స్కేలు ఎవరి దగ్గరుంది? ఇందాక ఈ రెండు మార్కుల మధ్య ఎంతుందో, ఇప్పుడెంతుందో కొలవండి. తగ్గిందా? తగ్గింది కదా. రేకు కోసింది లేదు, అతికింది లేదు. అమ్మా, నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నానన్నావు కదా, వేలితో తడిమి చూడు అంచుని, మందం తెలుస్తుందా?

ఆ అమ్మాయి అడుగుతుంది, మధ్యలో రేకు ఎక్కువైతే, అంచు లేని చోట ఎలా అని. మంచి ప్రశ్న. అక్కడ కుచ్చి పెట్టలేం, వేడితో కుదిస్తాం. రూపాయి బిళ్ళంత చోట గ్యాసు మంటతో ఎర్రగా కాలిస్తే అది పైకి ఉబ్బుద్ది, వెనకాల డాలీ ఆనించి చుట్టూ నుంచి మధ్యలోకి మెల్లగా తట్టి, ఎరుపు పోయి నల్లబడ్డాక తడి గుడ్డ అద్దాలి. చల్లారేటప్పుడు అది చుట్టుపక్కల రేకుని తన వైపు లాక్కుంటది. ఒక్కొక్క చుక్కే పెట్టి ఆగి చూడాలి, ఆత్రంగా పది చోట్ల కాల్చేస్తే అటూ ఇటూ లాక్కుని రేకు మెలిపడిపోద్ది. తుఫానులో అణిగిన టాపులు సరిచేసేటప్పుడు ఎక్కువ పని ఇదే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఇప్పటి కొత్త కార్లలో డోర్ల మధ్య పిల్లర్లు, కింద సిల్స్, ఇవి చాలా గట్టి రకం ఉక్కు, కొన్నిట్లో బోరాన్ స్టీల్, వాటిని వేడి చేస్తే బలం పోద్ది, యాక్సిడెంట్లో మనిషిని కాపాడాల్సింది అదే. మనం చెప్పుకునేదంతా పైన తొడిగే రేకు గురించి, బండి అస్థిపంజరం గురించి కాదు.

షేప్ వచ్చాక నునుపు పని. రేకు వెనక డాలీ సరిగ్గా సుత్తి కిందే ఉంటే ఆ దెబ్బ సాగదీస్తది, నునుపు చేస్తది. డాలీ పల్లం కింద ఉండి సుత్తి పక్కనున్న గట్టు మీద పడితే గట్టు దిగుద్ది, పల్లం లేస్తది, రేకు సాగదు. చాలామంది ఎప్పుడు చూసినా డాలీ మీదే కొడతారు, దాంతో నునుపు చేస్తున్నాం అనుకుంటూ ఇంకా సాగదీసేస్తుంటారు. కన్ను మోసం చేస్తది కాబట్టి పల్చటి నూలు గ్లవ్ వేసుకుని అరచేత్తో పొడుగునా నిమరండి, ఒట్టి చేతికి తెలియని గట్లు దానికి తెలుస్తాయి. తర్వాత ఆకురాయి అలా పైపైన ఒక్కసారి లాగితే ఎత్తులన్నీ మెరుస్తాయి, పల్లాలు నల్లగా ఉండిపోతాయి. మెరిసేదాన్ని ఆకురాయితో అరగదియ్యొద్దు, అది చూడ్డానికే, పల్లాన్ని కింద నుంచి లేపండి.

అంచు గురించి. పాత ఫెండర్ల చక్రం వైపు అంచులో తీగ చుట్టి ఉండేది, దానివల్లే అంచు ఊగదు. తీగ మందానికి రెండున్నర రెట్లు రేకు ఎక్కువ వదలాలి, 3 ఎంఎం తీగకి ఏడున్నర ఎంఎం. ఇది కాయితం దగ్గరే లెక్కేసుకోవాలి, రేకు కోసేశాక గుర్తొస్తే లాభం లేదు.

అతుకు. మన ఊళ్ళో ఎక్కువగా ఏం చేస్తారు, తుప్పు పట్టిన చోట కొయ్యకుండా పైన కొత్త ముక్క పరిచి వెల్డింగ్ చేసి లప్పం పామేస్తారు. ఆ రెండు రేకుల సందులో తడి దూరుద్ది, ఉప్పు గాలి ఊళ్ళో అది రెండు వానాకాలాలకి ఉబ్బి లప్పం రాలిపోద్ది. తుప్పు మొత్తం, మంచి రేకు వచ్చేదాకా కోసెయ్యాలి, అంచుకి అంచు ఆనించి అతకాలి. ముందు అంగుళం అంగుళం దూరంలో చుక్కలు, తర్వాత ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ, మధ్యలో చల్లారనిస్తూ. గ్యాసు అతుకు మెత్తగా ఉంటది, తర్వాత సుత్తితో సరిచెయ్యొచ్చు, టిగ్, అంటే కరెంటు వెల్డింగ్ లో తీగని చేత్తో విడిగా అందించే రకం, అది కూడా అంతే. మిగ్, అంటే గన్ను నుంచి తీగ దానంతట అదే వచ్చే రకం, ఆ అతుకు గట్టిగా ఉంటది, కొట్టడానికి లొంగదు, గ్రైండర్ పెట్టాల్సి వస్తది. అతుకు చల్లారేటప్పుడు కుదించుకుంటది కాబట్టి ఆ గీత వెంట డాలీ ఆనించి మెల్లగా కొట్టి మళ్ళీ సాగదియ్యాలి, లేకపోతే గీత లోపలికి లాగేస్తది. ఇక్కడ కూడా అదే మాట చూడండి, ఎక్కడ ఎక్కువుంది, ఎక్కడ చాలలేదు. వెల్డింగ్ ముందు బ్యాటరీ తియ్యండి, పెట్రోల్ ట్యాంకు దగ్గర మాత్రం వద్దు, ఖాళీ ట్యాంకు అయితే ఇంకా ప్రమాదం, లోపలంతా ఆవిరే.

లప్పం అసలు వాడొద్దా అని అడుగుతారు. వాడండి, నేనూ వాడతాను, ఎపాక్సీ ప్రైమర్ మీద పల్చగా, 2, 3 ఎంఎం దాటకుండా. దాని పని గీతలు పూడ్చడం, షేప్ తేవడం కాదు. లోపలి వైపు రంగు వెయ్యడం, నీళ్ళు పోయే కన్నాలు మూసెయ్యకుండా ఉంచడం, ఇవి పెయింటర్ తో చెప్పి మరీ చేయించుకోండి.

కస్టమ్ అన్నారు కదా మీలో కొంతమంది, జీపు ముక్కు మారుస్తాం, కొత్త ఆకారం పెడతాం అని. చేతికి పని తెలిసినోడికి అది చాలా ఇష్టమైన పనే, కానీ మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ కి తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. తుప్పు పట్టిన ఫెండరు తీసి అదే ఆకారంలో కొత్తది చేసి పెట్టడం రిపేరు, దానికి ఎవరూ ఏమీ అనరు. ఆకారం మార్చాలనుకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసుకెళ్ళి అడిగి, తర్వాత సుత్తి పట్టుకోండి. షోలో పెట్టడానికే అంటారా, రోడ్డెక్కించకండి.

పెద్దాయన ఒకరు అడుగుతున్నారు, ఇన్ని చేసేబదులు ఫైబర్ తో పోత పోసెయ్యొచ్చు కదా అని. పొయ్యొచ్చండీ, కొన్నిటికి అదే మేలు, బంపర్ కింద ముక్క, డాష్‌బోర్డు లాంటివి. ఉక్కు ఫెండరుకి రేపు దెబ్బ తగిలితే మళ్ళీ లేపుకోవచ్చు, ఫైబర్ పగులుద్ది, అతుకు వెయ్యాలి. మీ బండి, మీ ఇష్టం.

మాటలు చాలు. పెరట్లో రెండు మొద్దులున్నాయి, బీరువా తలుపు రేకు అడుగు అడుగు ముక్కలు కోసి, అంచులు ఆకురాయి పెట్టి ఉంచాను, అయినా చేతులు కోసుకోకండి. ఒక్కో మొద్దు దగ్గర నలుగురేసి నిలబడండి. అందరూ మొదట అంచున ఒకే ఒక్క కుచ్చి పెట్టి, అణిచి, స్కేలు పెట్టి కొలిచి నాకు చూపించాలి. తగ్గకపోతే ఇంకోటి పెట్టండి, రేకు బోలెడుంది. చెవుల్లో దూది పెట్టుకోనోళ్ళని మొద్దు దగ్గరికి రానివ్వను, అదిగో ఆ డబ్బాలో ఉంది, తీసుకుంటూ రండి.